మతాల తులన – అల్ బిరూనీ తూకం

మతాలను పక్కపక్కన పెట్టి చూపే పుస్తకాలు తెలుగులో తక్కువేమీ కాదు. వాటిలో చాలా భాగం ఒకే అచ్చులో పోసినట్లుంటాయి. ఒక పుటలో గళ్లు గీసి, పై వరుసలో ఇస్లాం, హైందవం, క్రైస్తవం, యూదమతం, బౌద్ధం అని వ్రాస్తారు. ఎడమ వైపు దేవుడు, ప్రవక్త, గ్రంథం, ప్రార్థన, ఉపవాసం, యాత్ర, మరణానంతర జీవితం అని వ్రాస్తారు. ఇక గళ్లు నింపటమే మిగిలిన పని. నింపేవాడు ముస్లిం అయితే ఇస్లాం గడిలో దివ్య ఖుర్ఆన్ బోధ చేరుతుంది, హైందవం గడిలో ఊరి జాతరలో కంటబడిన దృశ్యం చేరుతుంది. నింపేవాడు క్రైస్తవ ప్రచారకుడైతే ఒక వైపు సువార్త, రెండో వైపు పీర్ల పండుగనాటి నిప్పుల గుండం. ఎవరి చేతిలో ఉన్నా తక్కెడ ఒకటే: తమ వారి గ్రంథాన్ని ఎదుటివారి వీధితో తూచటం.

ఈ వంకర తూకం వల్ల కలిగే నష్టం చిన్నది కాదు. ఆ గడిలో తన ముఖం తాను గుర్తుపట్టలేని హిందువో క్రైస్తవుడో పుస్తకాన్ని పక్కన పడేస్తాడు, అది సహజమే. చదివిన ముస్లిం యువకుని పరిస్థితి అంతకంటె కష్టం. పొరుగువాని విశ్వాసం తనకు తెలిసిపోయిందని అతడు నమ్ముతాడు. కళాశాలలోనో కార్యాలయంలోనో ఆ మతాన్ని నిజంగా చదువుకొన్న వ్యక్తి ఒక్కడు ఎదురైతే చాలు, ఆ నమ్మకం కుప్పకూలుతుంది. దానితో పాటే ఆ పుస్తకం చేతికిచ్చిన పెద్దల మీద గౌరవమూ సన్నగిల్లుతుంది. ఒక జాతి పట్ల గల ద్వేషం న్యాయానికి అడ్డు రారాదని దివ్య ఖుర్ఆన్ (5:8) విధించిన ఆజ్ఞ మతాలను తూచే తక్కెడకు కూడా వర్తిస్తుందన్న సంగతి చాలా మంది రచయితలకు తోచినట్లు కనబడదు.

తోచిన వారు లేకపోలేదు. వారిలో అగ్రగణ్యులు అబూ రైహాన్ అల్ బిరూనీ. 973లో ఖ్వారిజ్మ్ ప్రాంతంలోని కాస్ పట్టణంలో జన్మించిన ఆయన ప్రధానంగా గణిత, ఖగోళ శాస్త్రవేత్త. 1017లో సుల్తాన్ మహ్మూద్ ఖ్వారిజ్మ్‌ను ఆక్రమించిన తరువాత ఆయన ఘజ్నీకి తరలింపబడ్డారు. సుల్తాను సేనలు హిందూదేశం మీద దండెత్తుతున్న ఆ ఏండ్లలోనే ఆయన సంస్కృతం నేర్చుకొన్నారు, పండితుల సాంగత్యంలో గ్రంథాలు చదివారు, సాంఖ్య గ్రంథాన్ని, పతంజలి యోగ గ్రంథాన్ని అరబ్బీలోకి తెచ్చారు. ‘కితాబుల్ హింద్’ అన్న పేరుతో ప్రసిద్ధమైన ఆయన రచన మహ్మూద్ మరణించిన 1030లోనే పూర్తయింది. అందులో 80 అధ్యాయాలు ఉన్నాయి. జర్మన్ విద్వాంసుడు ఎడ్వర్డ్ జఖావు 1887లో అరబ్బీ మూలాన్ని లండన్‌లో ప్రచురించి, మరుసటి ఏడు ఆంగ్లానువాదం వెలువరించిన తరువాత అది లోకానికి విరివిగా అందింది. మహ్మూద్ దండయాత్రలు దేశ సౌభాగ్యాన్ని ధ్వంసం చేశాయనీ, హిందువులకు ముస్లింల పట్ల ఏవగింపు ముదరటానికి అదొక కారణమనీ ఆ గ్రంథం మొదటి అధ్యాయంలోనే చెబుతుంది. ఘజ్నీలో కూర్చుని ఇంత మాట వ్రాయటం సామాన్యమైన పని కాదు.

గ్రంథ రచనకు కారణంగా ఆయన చెప్పిన సంఘటన గమనించదగినది. అది హిందువులతో మొదలు కాలేదు. ముఅతజిలా వర్గం వారు అల్లాహ్ తన స్వీయ అస్తిత్వం చేతనే సర్వం ఎరిగినవాడని అంటారు. ఎవరో ఒక రచయిత ఆ మాటను తిప్పి, అల్లాహ్‌కు జ్ఞానమే లేదని వారి సిద్ధాంతమన్నట్లు వ్రాశాడు. అబూ సహల్ అత్తిఫ్లీసీ అనే పెద్దమనిషి దాన్ని తప్పుపడుతూండగా సంభాషణ పరమతాలను గురించిన పుస్తకాల మీదికి మళ్లింది. ఒకే ఖిబ్లా వైపు తిరిగి నమాజు చేసే వారి మాటే ఇట్లా వక్రీకరణకు గురైతే ఇక దూరపు మతాల సంగతి చెప్పేదేమిటి? అబూ సహల్ ప్రోత్సాహంతో బిరూనీ కలం పట్టారు. తన పుస్తకం వాదోపవాద గ్రంథం కాదని, హిందువుల మాటలను వారు చెప్పినట్లే చెబుతానని పీఠికలో స్పష్టం చేశారు. సాక్ష్యం తమకే వ్యతిరేకమైనా సత్యం పలకమన్న ఖుర్ఆన్ ఆదేశాన్ని (4:135) ఆ పీఠికలోనే ఉదహరించి, దాని పక్కనే సువార్తలోని ఈసా (అ) బోధను నిలిపారు. పోల్చటానికి పూనుకొన్న మనిషి తన నియమాన్ని రెండు గ్రంథాల సాక్షిగా స్వీకరించటం ఆ కాలానికే కాదు, ఏ కాలానికైనా అరుదు.

ఆయన తూకంలో మొదటి సూత్రం పండితుని పండితునితో, పామరుని పామరునితో పోల్చటం. దేవుని గురించిన రెండవ అధ్యాయంలో పతంజలి, గీత, సాంఖ్య గ్రంథాల నుండి భాగాలు చూపి, విద్యావంతులైన హిందువులు దేవుడు ఒక్కడేననీ, ఆద్యంతాలు లేనివాడనీ భావిస్తారని చెప్పారు. పామరుల ఊహలు ఆ తరువాతనే వస్తాయి. దేవుడు బిందువని పండితుడు అంటాడు. శరీర ధర్మాలు ఆయనకు వర్తించవన్నది అతని భావం. అది విన్న పామరుడు దేవుడు బిందువంత చిన్నవాడనుకొంటాడు. దేవుని నుండి దాగేది ఏదీ లేదని పండితుడు అంటాడు. చూడటానికి కన్ను కావాలి, ఒక కంటికంటె రెండు మేలు అని లెక్క వేసుకొన్న పామరుడు చివరకు దేవునికి వేయి కళ్లు పెడతాడు. ఈ వరుస చదువుతుంటే నవ్వు వస్తుంది. అయితే ఆ నవ్వు హిందువుల మీదికి మళ్లకుండా బిరూనీ అక్కడే జాగ్రత్తపడ్డారు. ఇటువంటి పొరపాట్లు ఇతర మతాలలోనూ ఉన్నాయనీ, ఇస్లాం పేరు చెప్పుకొనే వారిలో కూడా అల్లాహ్‌కు మానవ రూపాన్ని ఆపాదించేవారు, మనిషికి స్వేచ్ఛ ఏమీ లేదనే జబ్రియా వర్గం వారు ఉన్నారనీ, వారిని ఖండించవలసిందేననీ ఆయన అదే చోట వ్రాశారు.

విగ్రహారాధన గురించిన అధ్యాయంలో ఈ సూత్రం మరింత నిశితంగా పని చేసింది. విగ్రహారాధనను బిరూనీ సమర్థించలేదు. తౌహీదు విషయంలో ఆయన వెనుకంజ వేసిన చోటు గ్రంథంలో ఎక్కడా లేదు. అయితే అది ఎందుకు పుడుతుందో ఆయన విచారించారు. కంటికి కనిపించే దాన్ని పట్టుకోవటం సామాన్యుల మనస్సుకు సహజం. మహాప్రవక్త (స) చిత్రమో, మక్కా, కఅబాల చిత్రమో చదువులేని ముస్లిం స్త్రీపురుషుల ముందు పెడితే వారు దాన్ని ముద్దాడతారు, చెంపలకు ఆనించుకొంటారు, అసలు వస్తువునే చూసినట్లు దాని ముందు దుమ్ములో పొర్లాడతారు అని ఆయన ఉదాహరణ ఇచ్చారు. దాదాపు వేయి సంవత్సరాల క్రిందటి మాట ఇది. పీర్ల చావడిలో, ఉర్సు నాటి చందనం ఊరేగింపులో కనిపించేది దీనికి ఎంత దూరంలో ఉందో ఆంధ్ర, తెలంగాణ పల్లెలలో పెరిగిన పాఠకునికి చెప్పనక్కర లేదు. ఆ పీర్ల ముందు దట్టీ కట్టి మొక్కు చెల్లించే వారిలో హిందువులు ఎంత మందో కూడా అతడు ఎరుగును. ఇస్లాం అంటే పీర్ల పండుగ అని ఎవరైనా వ్రాస్తే ముస్లిం పాఠకుడు ఆక్షేపిస్తాడు, ఆక్షేపించటం న్యాయమే. ఆ ఆక్షేపణ న్యాయమైనప్పుడు, హైందవం అంటే జాతర అని వ్రాసిన దాన్ని ఆక్షేపించే హక్కు హిందువుకూ ఉంటుంది.

రెండవ సూత్రం ఇంకా లోతైనది. గళ్ల పట్టిక వేసేవారికి ఇది బొత్తిగా అందని సంగతి. పునర్జన్మ గురించిన అధ్యాయం ప్రారంభంలో బిరూనీ నాలుగు మతాలను ఒక్క వాక్యంలో నిలబెట్టారు. ముస్లింకు షహాదా వాక్యం ఎట్లాంటి గుర్తో, క్రైస్తవునికి త్రిత్వం, యూదునికి సబ్బాతు, హిందువుకు పునర్జన్మ అట్లాంటి గుర్తులని ఆయన నిర్ణయం. దాన్ని అంగీకరించనివాడు ఆ మతంలోని వానిగా లెక్కకు రాడు. పైపైన చూస్తే ఇది పొంతన లేని పోలిక. షహాదా ఒక సాక్ష్యం, త్రిత్వం ఒక సిద్ధాంతం, సబ్బాతు వారంలో ఒక దినపు ఆచరణ, పునర్జన్మ ఆత్మ ప్రయాణాన్ని గురించిన నమ్మకం. గళ్ల పట్టికలో ఇవి నాలుగు వేర్వేరు వరుసలలో పడతాయి. బిరూనీ మాత్రం వీటిని ఒకే వరుసలో పెట్టారు, ఎందుకంటే ఆ మతాన్ని నిలబెట్టే ఇరుసు ఏదని ఆయన ఆ మతాన్నే అడిగారు. ‘దేవుడు’ అన్న గడిలో ఎదుటివారి జవాబు వెదకటం ఇస్లాం ప్రశ్నను ఎదుటివారి నోట పెట్టటమే. బౌద్ధం విషయంలో ఆ గడి ఖాళీగా మిగులుతుంది. వెంటనే బౌద్ధం నాస్తికమని తేల్చివేస్తారు. దుఃఖం, దాని కారణం, దాని నిరోధం, ఆ నిరోధానికి మార్గం అన్న నాలుగు సత్యాల చుట్టూ తిరిగే మతానికి ఆ తీర్పు తగిలేది అంచు మీదనే.

బిరూనీ తక్కెడలో లోపాలు లేవా? ఉన్నాయి. వాటిని దాచటం ఆయన పద్ధతికే విరుద్ధం. హిందువుల ఉపవాసాలన్నీ ఐచ్ఛికాలనీ, తీర్థయాత్ర వారికి విధి కాదు, పుణ్యం మాత్రమేననీ, దానం మాత్రం ప్రతిదినం విధి అనీ ఆయన వ్రాశారు. ఫర్జ్, నఫిల్ అనే ఫిఖ్హ్ కొలబద్ద ఇక్కడ స్పష్టంగా కనబడుతుంది. ధర్మశాస్త్రాలకు తమదైన మరో విభజన ఉంది. నిత్యం ఆచరించవలసినది, చేయకపోతే దోషం తగిలేది నిత్యకర్మ. ఒక నిమిత్తం కలిగినప్పుడు చేసేది నైమిత్తికం. ఒక ఫలం కోరి చేసేది కామ్యం. ఫర్జ్, నఫిల్ అనే జంటలో ఈ మూడు సరిగ్గా ఇమడవు. తన ఊరి మానికతో పొరుగూరి ధాన్యం కొలిచినట్లయింది. కొలత అబద్ధం కాకపోయినా పొరుగూరి లెక్కకు అది సరిపడదు.

ఇంతకంటె పెద్ద లోపం వర్ణాలను గురించిన అధ్యాయంలో ఉంది. ముస్లింలు భక్తిలో తప్ప మనుషులందరినీ సమానంగా ఎంచుతారనీ, ఉభయుల మధ్య అవగాహనకు ఇదే అతి పెద్ద అడ్డంకి అనీ ఆయన అన్నారు. సిద్ధాంతంగా ఈ మాట నూటికి నూరుపాళ్లు సత్యం. దైవభీతి తప్ప మరో ఆధిక్యం లేదన్నది ఖుర్ఆన్ (49:13) ప్రకటన. కానీ ఇక్కడ తక్కెడ ఒక వైపు ఇస్లాం బోధ, మరో వైపు హిందూ సమాజపు ఆచరణ పడ్డాయి. బానిస సైనికులూ, వంశ ప్రతిష్ఠలూ ఉన్న ఘజ్నీ సమాజాన్ని ఆయన ఆ పళ్లెంలో వేయలేదు. ఈ లోపం బిరూనీతో ఆగలేదు. హిందూదేశపు ముస్లింలు అష్రాఫులని, అజ్లాఫులని చీలిన సంగతి దాచినా దాగేది కాదు. ఆంధ్రప్రదేశ్‌లో దూదేకుల వారు వెనుకబడిన తరగతుల ‘బి’ వర్గంలో ఉన్నారు. 2007లో ‘ఇ’ వర్గం ఏర్పరచి 4 శాతం రిజర్వేషన్లు కల్పించినప్పుడు అత్తరు సాయిబులు, తురక కాశలు, గారడీ సాయిబులు, లబ్బీలు మొదలైన పేర్లు చట్టానికి ఎక్కాయి. ఇస్లాంలో కులం లేదన్న వాక్యం ధర్మానికి సంబంధించినంత వరకు నిజం. ముస్లింలలో కులం లేదని దాన్ని మార్చి వ్రాసినప్పుడే అది అసత్యమవుతుంది. తులనాత్మక పుస్తకాలలో ఈ మార్పు ఎన్నిసార్లు జరుగుతుందో లెక్క లేదు.

బిరూనీ తరువాత వచ్చిన వారిలో ఇద్దరి పేర్లు ఇక్కడ అవసరం. 1153లో మరణించిన షహ్రస్తానీ తన ‘అల్ మిలల్ వన్నిహల్’లో ప్రతి వర్గం మాటను ఆ వర్గం గ్రంథాలలో ఉన్నట్లే చెబుతానని మాట ఇచ్చారు; ముస్లిం వర్గాలకు సంబంధించినంత వరకు ఆ మాట చాలా వరకు నిలబెట్టుకొన్నారు. హిందూదేశం దగ్గరికి వచ్చేసరికి బ్రాహ్మణులు ప్రవక్తల పరంపరను నిరాకరించే వారిగా మాత్రమే కనిపిస్తారు. ఇది కలాం శాస్త్ర చర్చలలో తరతరాలుగా నిలబెట్టిన ఒక ప్రతిమ. ఏ బ్రాహ్మణుడూ తన మతాన్ని ఆ మాటలతో నిర్వచించుకోడు. బిరూనీ దగ్గర పండితుల కంఠం వినిపిస్తుంది, షహ్రస్తానీ దగ్గర పుస్తకాల ప్రతిధ్వని మాత్రమే.

రెండవ వ్యక్తి మొగలు రాకుమారుడు దారా షికోహ్. 1655లో వ్రాసిన ‘మజ్మవుల్ బహ్రైన్’లో ఆయన సూఫీల పరిభాషను, వేదాంతుల పరిభాషను జతపరిచారు. 1657లో ఉపనిషత్తులను ‘సిర్రె అక్బర్’ పేరుతో పారసీకంలోకి తెచ్చి, ఖుర్ఆన్ ‘గుప్త గ్రంథం’ అన్నది వీటినేనని పీఠికలో వాదించారు. ఆ అనువాదం చేసిన మేలు కాదనలేనిది. దాని నుండి వచ్చిన లాటిన్ అనువాదం ద్వారానే 1801–1802లో ఐరోపా ఉపనిషత్తులను చవిచూసింది. అయితే తులనగా చూస్తే దారా షికోహ్ మార్గం గళ్ల పట్టికకు తలక్రిందుల రూపం. అక్కడ ప్రతి గడిలో తేడా కనబడుతుంది, ఇక్కడ ప్రతి గడిలో సామ్యమే కనబడుతుంది. ఎదుటివారిని నిజంగా వినవలసిన అవసరం రెండు చోట్లా తప్పిపోతుంది. అన్ని మతాలూ ఒకటే అని సభలలో చప్పట్లు కొట్టించుకొనే ఉపన్యాసాలు కూడా ఈ కోవలోనివే. వాటిని విన్న ముస్లిం తౌహీదును వదులుకోడు, హిందువు పునర్జన్మను వదులుకోడు; సభ ముగిశాక ఎవరి దారిన వారు పోతారు.

సామ్యం ఎంత మోసపుచ్చగలదో చూపటానికి ఉపవాసం కంటె మంచి ఉదాహరణ లేదు. పట్టికలలో ఈ వరుస అందరికీ నచ్చుతుంది, ఎందుకంటే అన్ని గళ్లూ నిండుతాయి. ముస్లింలకు రమజాను, యూదులకు సుమారు 25 గంటలపాటు అన్నపానాలు మానే యోం కిప్పూర్, క్రైస్తవులకు 40 దినాల శ్రమకాలం, హిందువులకు ధాన్యాన్ని వర్జించే ఏకాదశి, బౌద్ధ భిక్షువులకు మధ్యాహ్నం తరువాత భోజన నిషేధం, జైనులకు పర్యూషణ. పూర్వులకు విధించినట్లే మీకూ ఉపవాసం విధింపబడిందని ఖుర్ఆన్ (2:183) స్వయంగా చెబుతున్నది గనుక ఈ సామ్యంలో సత్యం లేదని ఎవరూ అనలేరు. మహాప్రవక్త (స) మదీనా చేరినప్పుడు యూదులు ఆషూరా నాడు ఉపవసించటం చూసి కారణం అడిగారు. మూసా (అ)కు లభించిన విముక్తికి కృతజ్ఞతగా అని విని, తామూ ఆ దినం ఉపవసించి, అనుచరులనూ ఉపవసించమన్నారు. తరువాత తొమ్మిదవ దినాన్ని కూడా కలపాలని సంకల్పించారు. ఆ ఒక్క సంఘటనలో తులనకు కావలసినదంతా ఉంది. ముందు కారణం అడగటం, ఆ పైన మూలాన్ని గౌరవించటం, తమ విశిష్టతను నిలుపుకోవటం వరుసగా జరిగాయి.

ఈ కారణం అడగటమనే మెట్టును పట్టిక దాటవేస్తుంది. రమజాను ఉపవాసాన్ని, జైనుల ఉపవాసాన్ని ఎదురెదురుగా నిలిపి చూస్తే సంగతి తేటపడుతుంది. జైన సిద్ధాంతంలో కర్మ అనేది ఆత్మకు అంటుకొనే సూక్ష్మ పదార్థం. తపస్సు దాన్ని రాల్చివేస్తుంది. దానికి వారు పెట్టిన పేరు నిర్జర. కాబట్టి అక్కడ ఆహారం మానటం దానంతట అదే సాధన. ఎంత దీర్ఘంగా మానితే అంత ఫలం. జీవితాంతాన నియమబద్ధంగా ఆహారం విడిచిపెట్టే సల్లేఖన దానికి పరాకాష్ఠ. ఇస్లాంలో ఉపవాసం ఒక ఆజ్ఞకు విధేయత. తెల్లవారు జామున సహరీ తినటం సున్నత్. సూర్యాస్తమయం కాగానే ఆలస్యం చేయక ఇఫ్తార్ చేయటమూ సున్నతే. ఇఫ్తార్ లేకుండా దినాల తరబడి ఉపవాసం కొనసాగించటాన్ని మహాప్రవక్త (స) తమ అనుచరులకు నిషేధించారు. రోగికి, ప్రయాణికునికి సడలింపు ఉంది. పండుగనాడు ఉపవసించటం హరాం. మధ్యాహ్నం ఖర్జూరం నోట పెట్టకపోవటం ఎట్లా ఆరాధనో, మగ్రిబ్ వేళ అదే ఖర్జూరాన్ని నోట పెట్టటం కూడా అట్లాగే ఆరాధన. ఒక చోట శరీరం విప్పుకోవలసిన బంధం. మరో చోట అది అల్లాహ్ అప్పగించిన అమానతు, దానికి హాని చేసే హక్కు దాసునికి లేదు. బయటికి ఒకే పనిలా కనబడే రెండు ఉపవాసాలు లోపల ఎదురెదురు దిక్కులకు నడుస్తున్నాయి.

దీన్ని గ్రహించకపోతే చిక్కులు గ్రంథాలకే పరిమితం కావు. 2015 ఆగస్టులో రాజస్థాన్ హైకోర్టు జైనుల సంథారాను, అంటే సల్లేఖనను, ఆత్మహత్యతో సమానంగా ఎంచి చట్టవిరుద్ధమని తీర్పు చెప్పింది. అదే నెల చివర సుప్రీంకోర్టు ఆ తీర్పును నిలిపివేసింది. ఇస్లాం దృష్టిలో ఆ ఆచారం అంగీకారం కాదు, కాజాలదు. అయినా దాన్ని ఆత్మహత్య అనే గడిలో వేయటానికి ముందు ఆ మతస్థుడు దాన్ని ఏమని పిలుస్తున్నాడో, ఏ నమ్మకం మీద ఆచరిస్తున్నాడో వినకపోతే అది ఖండన కూడా కాదు. వ్యక్తిగత చట్టాల విషయంలో న్యాయస్థానాలు తమ ధర్మాన్ని పరాయి కొలతలతో కొలుస్తున్నాయని ముస్లింలు పలుమార్లు బాధపడ్డారు. జైనులు పడిన బాధ వారికి తెలియనిదేమీ కాదు.

ఇక తెలుగు రచయితకు బిరూనీకి లేని ఒక సౌకర్యం, ఆ సౌకర్యంలోనే ఒక ప్రమాదం ఉన్నాయి. బిరూనీ అరబ్బీలో వ్రాస్తూ సంస్కృత మతాన్ని వివరించారు; రెండు భాషల మధ్య ఉన్న అగాధం ఆయనను ప్రతి పదం దగ్గరా ఆపింది. అవసరమైన చోట సంస్కృత పదాన్నే ఉంచి, దాని అర్థం విప్పి చెప్పారు. తెలుగులో ఇస్లాం గురించి వ్రాసేవారికి అట్లా ఆగవలసిన పని పడదు, ఎందుకంటే సంస్కృత పదాలు చేతికి అందుబాటులో సిద్ధంగా ఉంటాయి. ఖుర్ఆన్‌ను తొలినాళ్లలోనే తెలుగు చేసిన వారిలో ఒకరైన చిలుకూరి నారాయణరావు హిందూ పండితులు. ఆయనకూ, ఆ తరువాత వచ్చిన ముస్లిం అనువాదకులకూ పదాల గాదె ఒకటే. ఆ గాదెలోని ప్రతి పదం తన పాత ఇంటి వాసనతోనే వస్తుంది.

జన్నత్‌కు స్వర్గం అన్న పదం తీసుకొంటే, పౌరాణిక భావనలో స్వర్గం తాత్కాలిక నివాసం. పుణ్యం ఖర్చు కాగానే జీవుడు తిరిగి మర్త్యలోకానికి వస్తాడని గీత తొమ్మిదవ అధ్యాయం చెబుతుంది. హిందూ విద్యావంతునికి స్వర్గం పరమ లక్ష్యం కాదు. అతడు కోరేది మోక్షం. కాబట్టి ముస్లింలు స్వర్గం కోరుతారని తెలుగులో చదివినప్పుడు, ఇస్లాం తమ దృష్టిలో రెండవ మెట్టు దగ్గరే ఆగిపోయిందని అతడు అనుకొంటే ఆ తప్పు అతనిది కాదు. జన్నత్ శాశ్వతమైనదనీ, అక్కడి అన్ని అనుగ్రహాల కంటె అల్లాహ్ ప్రసన్నత గొప్పదనీ ఖుర్ఆన్ (9:72) చెప్పిన సంగతి ఆ ఒక్క పదం వెనుక మరుగున పడిపోయింది. ఖియామత్‌కు ప్రళయం అనటమూ ఇట్లాంటిదే. ప్రళయం కల్పాంతంలో వస్తుంది, దాని తరువాత మళ్లీ సృష్టి, మళ్లీ ప్రళయం. ఖియామత్ ఒక్కసారే వస్తుంది. దాని తరువాత లెక్క, తీర్పు. దైవదూత అన్న పదం మలక్‌కు వాడుతూ, రసూల్‌కు సందేశహరుడు అని వేరే మాట వెదుక్కోవలసి వచ్చింది, ఎందుకంటే దూత అన్నా సందేశం తెచ్చేవాడే. ప్రవక్తలను అవతారాలతో పోల్చే వ్యాసాల సంగతి చెప్పనే అక్కరలేదు. దేవుడే దిగి రావటం అవతారం. ప్రవక్త (స) తాను మనిషినేనని పదే పదే ప్రకటించిన దాసుడు, సందేశహరుడు.

ఈ విషయంలో చదువులేని తెలుగు ముస్లిం పండితుల కంటె జాగ్రత్తగా ఉన్నాడని ఒప్పుకోవాలి. నమాజు, రోజా, జకాతు, హజ్జు, దువా వంటి మాటలను అతడు అనువదించుకోలేదు, అట్లాగే ఉంచుకొన్నాడు. కొన్ని ప్రాంతాలలో రోజాను ‘ఒక్కపొద్దు’ అనటం వినిపిస్తుంది. అది పొరుగు ఇంటి మాటే, రోజుకు ఒక్కసారి భోజనం చేసే వ్రతం పేరు. కానీ ఆ మాట పలికే ముసలమ్మకు రెండింటి తేడా బాగా తెలుసు. పొరుగు ఇంటి ఒక్కపొద్దులో పగటి పూట మంచినీళ్లు తాగవచ్చుననీ, తన దానిలో తాగరాదనీ ఆమె ఎవరినీ అడగనక్కరలేదు. స్వర్గం, ప్రళయం అని అచ్చు వేసిన పుస్తకాలు చదివి పెరిగిన ఆమె మనుమనికి ఆ తేడా ఎవరో ఒకరు విప్పి చెప్పాలి. జన్నత్, ఖియామత్ అన్న పదాలను నమాజు, రోజాల వలె అట్లాగే వాడుకలో ఉంచి, మొదటిసారి వచ్చిన చోట ఒక వాక్యంలో వివరిస్తే సరిపోయే పని ఇది. హైందవ గ్రంథాల గురించి వ్రాసేటప్పుడు మోక్షాన్ని నజాత్ అనకుండా మోక్షమనే ఉంచి వివరించటం కూడా ఆ పనిలో రెండవ సగం.